ఊరబావి నుండి ఉపకులపతి పీఠం దాకా

ఆదికాండము అయిదవ అధ్యాయం చదివినవారికి హనోకు పేరు జ్ఞాపకముండే ఉంటుంది. ఆదాము మొదలు లెమెకు వరకు అక్కడ చెప్పిన ప్రతివాని కథా మరణంతోనే ముగుస్తుంది, ఒక్క హనోకు కథ తప్ప. ఇంగ్లీషు బైబిలులో అదే పేరు ఈనాక్. అమెరికా దొరల నోటి నుండి అది మన పల్లెలకు వచ్చి ఇనాకు అయింది. మేమెరిగిన సంఘాలలో హనోకులకంటే ఇనాకులే ఎక్కువ. ఒకే మనిషికి రెండు పేర్లని తెలియక, "హనోకు వేరు, ఇనాకు వేరు" అని వాదించే పెద్దలనుకూడా చూశాము.

ఈ పేరు పెట్టుకున్న ఒక మనిషి తెలుగు కథలో, కవిత్వంలో, నాటకంలో, విమర్శలో పేరు పొందారు. విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, ఉపకులపతి అయ్యారు. పద్మశ్రీ అందుకున్నారు. ఆయనే ఆచార్య కొలకలూరి ఇనాక్ గారు. మన ఇండ్లలో ఆయన పేరు విన్నవారు చాలామందే ఉంటారు. పుస్తకం చదివినవారు మాత్రం తక్కువ. పాఠకులు మన్నించాలి, ఇది నిష్ఠూరం కాదు. పంచాయితీ లైబ్రరీలో దొరకని పుస్తకాన్ని పల్లెటూరి మనిషి ఎక్కడ చదువుతాడు? అందుకే ఆయన జీవితాన్ని గురించీ, వ్రాతలను గురించీ ఈ నెల కొంచెం తీరికగా చెప్పాలనుకున్నాము.

ఒక యింటిలో మూడు పేర్లు

ఇనాక్ గారు 1939 జూలై 1న గుంటూరు జిల్లా వేజెండ్ల గ్రామంలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. గుంటూరు నుండి తెనాలి వెళ్ళే దారిలోని ఊరది. తండ్రి పేరు రామయ్య, తల్లి పేరు విశ్రాంతమ్మ. ఇంటిపేరు కొలకలూరి. తెనాలి ప్రక్కన కొలకలూరు అనే ఊరు ఇప్పటికీ ఉంది.

ఈ మూడు పేర్లు ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడండి. రామయ్య, విశ్రాంతమ్మ, ఇనాక్. కృష్ణా గుంటూరు జిల్లాల పల్లెల చరిత్ర సగం ఇందులోనే ఉంది. రామయ్య అన్నది అన్ని కులాల ఇండ్లలోనూ వినబడే పాత పేరు. విశ్రాంతమ్మ అన్నది మన సంఘాలు తెలుగులోనే పుట్టించుకున్న పేరు. కరుణమ్మ, సంతోషమ్మ, కృపమ్మ, దీవెనమ్మ వంటివాటికి తోబుట్టువు. పొద్దు పొడవకముందు చేలోకి పోయి, పొద్దు గుంకాక ఇంటికి వచ్చే కూలి ఇండ్లలో ఆడబిడ్డలకు విశ్రాంతి అని పేరు పెట్టుకున్నవారి మనసులో ఏమున్నదో వేరే చెప్పనక్కరలేదు. ఇక ఇనాక్ అన్నది పాత నిబంధన నుండి నేరుగా వచ్చిన పేరు.

పేరు అంటే మనకు ఇప్పుడు చిన్న విషయమనిపిస్తుంది. ఆనాడు కాదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టిన బిడ్డకు మంచి పేరు పెడితే ఊరివారు ఒప్పుకునేవారు కాదు. పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లే పెట్టుకోవాలి. వాటినీ నిండుగా పలికేవారు కారు, చివర "గాడు" చేర్చేవారు. బైబిలు పేర్లు వచ్చాక దొడ్డివారికి కొంత చిక్కు వచ్చింది. యెహోషాపాతు చివర గాడు చేర్చాలంటే నాలుక తిరగాలి గదా! అయినా చేర్చారనుకోండి. కాని బళ్ళో హాజరు పట్టీలో పంతులు గారు ఆ పేరు నిండుగా పిలువక తప్పలేదు.

బడి అనగానే గుంటూరు మిషను సంగతి ఒక మాట చెప్పాలి. లూథరన్ మిషనెరీ హయ్యర్ గారు 1842లో గుంటూరులో అడుగు పెట్టారు. ఒంగోలు ప్రాంతంలో కరువు తరువాత 1878 జూలైలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. ఆ జనం వెంట బడులు వచ్చాయి. 1885లో గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలయింది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ గారు గుంటూరులో లూథరన్ మిషను బడిలో కొంతకాలం తెలుగు పంతులుగా పనిచేశారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆ సంవత్సరం ఇనాక్ గారికి పాతికేళ్ళు. అంటే గుంటూరు జిల్లాలో వెనుక వీధి పిల్లవాడు తెలుగు కవి కావచ్చునన్న సంగతి అప్పటికే రుజువయింది. రుజువు కావడం వేరు, దారి సాఫీ కావడం వేరు.

బావి దగ్గర

ఇనాక్ గారు 1950లలోనే వ్రాయడం మొదలుపెట్టారు. ఆయన వ్రాసిన కథలలో అందరూ ముందుగా చెప్పేది 'ఊరబావి'. ఊరివారికి ఒక బావి ఉంటుంది. ఊరి వెలుపలివారు దాని గట్టు ఎక్కరాదు. కథకు ముడి అక్కడే ఉంది. దానికి అణగి ఉండలేని మనుషుల కోపం ఆ కథలో ఉంది.

పట్నంలో కుళాయి త్రిప్పి పెరిగిన పిల్లలకు ఈ కథ అర్థం కావాలంటే ముందు బావి సంగతి చెప్పాలి. మన పాఠకులలో అరవై దాటినవారికి చెప్పనక్కరలేదు, వారు చూసినవారే. మంచినీళ్ళ బావి ఊరి నడుమ ఉంటుంది. పల్లె ఆడవాళ్ళు కడవలు పట్టుకొని గట్టుకు దూరంగా నిలబడాలి. చేద వేసే హక్కు లేదు. తోడుకోవడానికి వచ్చిన ఊరి ఆడమనిషికి దయ కలిగితే తన చేదతో ఎత్తి, పైనుండి కడవలో పోస్తుంది. చేద కడవకు తగలరాదు. ధార ప్రక్కకు పోయి సగం నేలపాలయినా నోరెత్తరాదు. దాహమైన కూలివాడు దోసిలి పట్టి వంగాలి. ఇంకా పోసేవారు రాకపోతే? కాచుకొని ఉండడమే. ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తూ ఉంటుంది, పొయ్యి మీద ఎసరుకు నీళ్ళు ఉండవు, ఎండ నెత్తిమీదికి వస్తూ ఉంటుంది, ఆమె మాత్రం బావి దగ్గర నీళ్ళు ఎదురుగా చూస్తూ నిలబడి ఉంటుంది. కాళ్ళు నొప్పి పుట్టి వాగుకు పోయి చెలమ త్రవ్వుకునేవారు. ఆ చెలమలో పశువులు త్రాగేవి, బట్టలు ఉతికేవారు, కలరా వచ్చినప్పుడు ముందు పోయేది ఆ పల్లెలే.

మన దేశపు రాజ్యాంగం వ్రాసిన పెద్దలకు ఈ బావి సంగతి బాగా తెలుసు. సమానత్వాన్ని గురించి పెద్ద మాటలు వ్రాసి వదలివేయలేదు. 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరు పెట్టి మరీ వ్రాశారు. వాటి దగ్గర కులాన్ని బట్టి ఎవరినీ అడ్డగించరాదన్నారు. ఒక దేశపు మూల శాసనంలో బావి అనే మాట వ్రాయవలసి వచ్చిందంటే ఆలోచించండి. డాక్టర్ అంబేద్కర్ గారు 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి త్రాగితే, ఆ చెరువును తరువాత పంచగవ్యంతో శుద్ధి చేశారు. ఆ మనిషే రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి వేజెండ్ల ఇనాక్‌కు పదేళ్ళు. అస్పృశ్యతను నేరంగా చేసిన చట్టం 1955లో వచ్చేనాటికి పదిహేను. చట్టం ఢిల్లీలో వచ్చింది. ఊరబావి గట్టు దగ్గరకు అది నడిచి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మన పెద్దలనే అడగండి.

బావి అనగానే మన పాఠకులకు సుఖారు ఊరి బావి గుర్తుకు రాకమానదు. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో సమరయ స్త్రీ కూడా మొదట ఆశ్చర్యపడేది నీళ్ళను గురించి కాదు, నన్నెట్లా అడుగుతున్నావన్న దాన్ని గురించే. ఈ వాక్యం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. కాని అంటరాని మనిషి చేతి నీళ్ళు అడగడమంటే ఏమిటో మన తెలుగు పల్లె మనిషికి తెలిసినంతగా ఏ వ్యాఖ్యాన గ్రంథం వ్రాసిన పండితునికి తెలుస్తుంది?

ఇనాక్ గారి కథల్లో మాకు నచ్చేది ఏమిటంటే, దళితులను వట్టి జాలిపడవలసిన వారుగా ఆయన చూపరు. జాలి కథలు తెలుగులో అంతకు ముందూ ఉన్నాయి. పెద్ద కులాల రచయితలు మంచి మనసుతోనే వ్రాశారు. వాటిలో హరిజనుడు ఏడుస్తాడు, చివరికి చస్తాడు, పాఠకుడు కన్ను తుడుచుకుంటాడు. ఇనాక్ గారి మనుషులు అట్లా కాదు. వారికి కోపం వస్తుంది, ఉపాయం తోస్తుంది, వారిలో వారు పోట్లాడుకుంటారు. 'ఆకలి', 'అస్పృశ్య గంగ', 'తలలేనోడు', 'కాకి', 'కొలుపులు' అన్న పేర్లు చూస్తేనే ఆయన దృష్టి ఏ వీధి మీద ఉన్నదో తెలుస్తుంది. మాట తీరు కూడా ఆ వీధిదే. చిన్న చిన్న వాక్యాలు, ఒకదాని మీద ఒకటి దెబ్బ వేసినట్లు పడతాయి. గ్రాంథికం చదివి, పరీక్షలు రాసి, తెలుగు పంతులైన మనిషి వ్రాసిన వాక్యాలవి అంటే ఒకపట్టాన నమ్మలేము.

కవిగా ఆయన ప్రకటించిన పుస్తకాలలో 'షరా మామూలే', 'కులం ధనం', 'ఆది ఆంధ్రుడు' ఉన్నాయి. ఈ చివరి పేరు వెనుక ఒక చరిత్ర ఉంది. 1917లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ గారు అధ్యక్షులు. మేము పంచములం కాము, ఈ నేలమీది మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ తన పేరును మార్చుకుంది. ఆ మాటను ఇనాక్ గారు కావ్యానికి పేరుగా తీసుకున్నారు. మా మట్టుకు మాకు ఆయన కవిత్వం కంటె కథలే ఎక్కువ ఇష్టం. కవిత్వంలో ఆయన వేదికనెక్కి మాట్లాడుతున్నట్టుంటారు, కథలో మన ప్రక్కన అరుగు మీద కూర్చుంటారు. ఇది మా రుచి మాత్రమే, వేరొకరు వేరుగా అనవచ్చు.

ఒక నాటకం సంగతి

ఆయన నాటకాలలో 'మునివాహనుడు' ప్రత్యేకంగా చెప్పవలసినది. ఇది శ్రీవైష్ణవుల కథ. మన పత్రికలో ఇదేమిటని కొందరికి తోచవచ్చును, అయినా వినండి. తమిళ దేశంలో పన్నిద్దరు ఆళ్వారులలో తిరుప్పాణాళ్వారు ఒకరు. పాణర్లు అనే అంటరాని గాయకుల కులంవాడు. కావేరి ఒడ్డున నిలబడి, శ్రీరంగం గుడివైపు చూస్తూ, కన్నులు మూసుకొని పాడుకునేవాడు. గుడిలోనికి పోయే వీలు లేదు. ఒకనాడు లోకసారంగ ముని అనే అర్చకుడు నీళ్ళకోసం కావేరికి వచ్చాడు. చూడండి, ఇక్కడా నీళ్ళే! దారికి అడ్డంగా ఉన్నాడని పిలిచాడు. పాటలో మునిగిన ఆ మనిషికి వినబడలేదు. రాయి విసిరాడు, నెత్తురు కారింది. తరువాత గుడిలో ఆ అర్చకునికి ఆజ్ఞ అయిందట: ఎవరిని కొట్టావో ఆ మనిషిని నీ భుజాల మీద మోసి తీసుకొని రా. ముని వాహనమైనాడు గనుక ఆ అంటరానివాడు మునివాహనుడు.

భక్తుల కథగా దీన్ని వందల యేండ్లుగా చెప్పుకుంటున్నారు. చెప్పేవారు ఎక్కువగా మోసినవాని గొప్పతనాన్ని, మోయించినవాని మహిమను చెబుతారు. భుజాల మీద ఎక్కినవాని ప్రక్కన నిలబడి చూస్తే ఈ కథే వేరుగా కనబడుతుంది. ఆ ఒక్కడు లోపలికి పోయాడు సరే, వాని కులంవారందరూ కావేరి ఒడ్డునే ఉండిపోయారు గదా? ఈ ప్రశ్న ఆ కథలో ఎప్పటినుండో ఉంది. అంటరాని వీధిలో పుట్టిన రచయిత దాన్ని నాటకంగా ఎత్తుకోవడంలో ఆశ్చర్యం లేదు. చాలా ఏండ్ల తరువాత, 2018 ఏప్రిల్ 16న హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుని నిజంగానే భుజాల మీద మోసి లోపలికి తీసుకుపోయారు. దానికి మునివాహన సేవ అని పేరు. పత్రికలన్నీ ఫోటోలు వేశాయి.

మనం ఇది చదివి వేరే మతం వారి సంగతి అనుకొని ప్రక్కకు పెట్టేయవచ్చు. కాని ఒక ఊళ్ళో రెండు కులాలకు రెండు దేవాలయాలు ఎందుకున్నాయో, అదే మిషను, అదే పాటల పుస్తకం, అదే ప్రభువు బల్ల అయి ఉండి ఆ వీధివారు ఈ వీధి గుడికి ఎందుకు రారో మనకు తెలియనిది కాదు. సమాధుల తోటలో గోడ కట్టిన ఊళ్ళు మేమెరుగుదుము. పెండ్లి సంబంధం మాట వచ్చినప్పుడు "క్రైస్తవులే గాని, మనవారేనా?" అని అడగని ఇల్లు ఎన్ని ఉన్నాయి? మన ప్రార్థన మందిరంలో ఎవరు ఎవరిని భుజాన మోశారు?

డెల్టా నుండి కరువు సీమకు

ఇనాక్ గారి ఉద్యోగ జీవితం సంగతికి వద్దాము. ఆయన తెలుగు చదువుకొని అధ్యాపక వృత్తిలో ప్రవేశించారు. 'తెలుగు వ్యాస పరిణామం' అన్న అంశం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. పద్యానికి వెయ్యేండ్ల చరిత్ర ఉన్న భాషలో వ్యాసం నిన్నమొన్నటి బిడ్డ. 1862లో అచ్చయిన సామినేని ముద్దునరసింహం నాయని గారి 'హితసూచని' తెలుగులో తొలినాటి వ్యాసాల పుస్తకాలలో లెక్కకు వస్తుంది. అక్కడినుండి వీరేశలింగం పంతులు గారు, పానుగంటివారి 'సాక్షి' మీదుగా వ్యాసం ఎట్లా పెరిగిందో వెదకడమంటే మన జనం ఆలోచించడం, వాదించడం, తప్పును తప్పని చెప్పడం ఎట్లా నేర్చుకున్నారో వెదకడమే. ఈ అంశాన్నే ఆయన పరిశోధనకు తీసుకోవడం మాకు బాగుందనిపించింది. ప్రబంధాలను కూడా విడిచిపెట్టలేదు. రామరాజభూషణుని 'వసుచరిత్ర' మీదా విమర్శ గ్రంథం వ్రాశారు. వసుచరిత్ర అంటే పండితులే చెమటలు పట్టే శ్లేషల పుట్ట. ఆ పుస్తకాన్ని తాకే అర్హత ఒకప్పుడు ఎవరికి ఉండేదో, దాన్ని విప్పి చెప్పినవారు ఏ వీధి నుండి వచ్చారో పాఠకులు గమనించాలి.

ఆయన విమర్శ పుస్తకాలలో 'జానపదుల సాహిత్య విమర్శ' అని ఒకటి ఉంది. పేరే ఆలోచింపజేస్తుంది. చదువురాని పల్లె మనిషికి పాటలుంటాయి, కథలుంటాయి అని అందరూ ఒప్పుకుంటారు. వానికి విమర్శ కూడా ఉంటుందనడం వేరు. కొంచెం ఆలోచిస్తే నిజమే అనిపిస్తుంది. అసలు కథ విడిచి సోది చెప్పేవాణ్ణి మన అవ్వలు "రామాయణంలో పిడకల వేట" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. "తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి" అన్నవారికి ఏ పుస్తకం గొప్పదో తెలియదా? రాత్రంతా కథ విని రామునికి సీత ఏమవుతుందని అడిగినవానిమీద సామెత కట్టినవారికి శ్రోత ఎట్లా ఉండాలో తెలియదా? ఈ సామెతలు మేము చెబుతున్నవి. మీ ఊరి భజన బృందంలో ముసలివారినడిగితే ఇంకా పది చెబుతారు.

ఆచార్యుడుగా ఆయన చాలాకాలం అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. గుంటూరు డెల్టా మనిషికి అనంతపురం అంటే వేరే లోకం. కాలువలు లేవు, వరి చేలు లేవు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి వస్తాయి. ఈశాన్య మేఘాలు సముద్రం దగ్గరే అయిపోతాయి. రెంటికీ చెడిన జిల్లా అది. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు రాదు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం, పంట ఎండితే బెంగుళూరుకు కూలికి పోవడం, బోరు వేసి నీళ్ళు పడక అప్పులపాలవడం, ఇదీ అక్కడి రైతు బ్రతుకు.

అక్కడే ఆయనకు 'అనంత జీవనం' నవల దొరికింది. కరువు సీమలో నీళ్ళ కోసం మనుషులు పడే పాట్లు ఆ నవల వస్తువు. పేరులో ఒక చమత్కారముంది. అనంత అంటే అంతము లేనిది, అనంతపురం జిల్లావారు తమ జిల్లాను పిలుచుకునే ముద్దు పేరు కూడా. జీవనం అంటే బ్రతుకు. సంస్కృత నిఘంటువులో చూస్తే జీవనం అంటే నీరు అని కూడా ఉంటుంది. ఒక్క పేరులో నాలుగు అర్థాలు! వసుచరిత్ర చదివిన చదువు ఊరికే పోలేదన్నమాట. ఈ నవలకే 2015 సంవత్సరానికి భారతీయ జ్ఞానపీఠం వారి మూర్తిదేవి పురస్కారం వచ్చింది.

ఊరబావి దగ్గర నీళ్ళున్నాయి, మనిషి అడ్డుకున్నాడు. అనంతపురంలో అడ్డుకునేందుకే నీళ్ళు లేవు. ఇనాక్ గారి రచనలను వరుసగా చూస్తే ఈ నీటి దాహం ఎక్కడా వదలినట్లు కనబడదు. వారి సతీమణి పేరు భాగీరథి గారు. భాగీరథి అంటే గంగ. ఇది కేవలం యాదృచ్ఛికమే అయినా, పేర్లతో మొదలుపెట్టిన ఈ వ్యాసంలో దీన్ని చెప్పకుండా ఉండలేకపోయాము.

1998లో ఆయన తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1954లో స్థాపించిన విశ్వవిద్యాలయం అది. రాయలసీమ చదువులకు పెద్ద ఇల్లు. 2001 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఉపకులపతి పని ఎటువంటిదో అందరికీ తెలిసినదే. ఫైళ్ళు, ధర్నాలు, నియామకాలు, కోర్టు కేసులు. ఆ మూడేండ్ల వివరాలు పరిపాలన చరిత్ర వ్రాసేవారికి వదలివేద్దాము. ఊరబావి గట్టు ఎక్కరాదన్న వీధిలో పుట్టిన బిడ్డ సంతకంతో తిరుపతిలో డిగ్రీ పట్టాలు వెళ్ళాయన్నది మాత్రం మనం గుర్తుంచుకోవలసినది. ఆ పట్టాలు అన్ని కులాల ఇండ్లలోనూ అద్దాలు కట్టించి గోడలకు తగిలించారు.

ఉద్యోగ విరమణతో చాలామంది ఆచార్యుల కలం కూడా విరమించుకుంటుంది. ఈయన విషయంలో అట్లా జరుగలేదు. పెద్ద గౌరవాలు ఆ తరువాతనే వచ్చాయి. 2014లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2018లో 'విమర్శిని' అన్న వ్యాస సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పటికి ఆయన వయసు 79. వ్యాసం మీద పరిశోధన చేసిన మనిషికి చివరకు వ్యాసాలకే అకాడమీ గౌరవం రావడం చూడముచ్చటగా ఉంది.

ఇంటి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాము. కుమార్తెలు మధుజ్యోతి గారు, ఆశాజ్యోతి గారు ఇద్దరూ తెలుగు చదివి, ఒకరు తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, ఒకరు బెంగుళూరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఇంజనీరింగు, మెడిసిన్ తప్ప వేరు చదువు కాదనుకునే ఈ కాలంలో ఒక ఇంట ఇద్దరు ఆడబిడ్డలు తెలుగు ఆచార్యులు కావడం మామూలు సంగతి కాదు. ఆ కుటుంబం తమ పెద్దల పేరుతో రచయితలకు పురస్కారాలు ఇస్తున్నది. కథ, నాటకం, విమర్శ వంటి ప్రక్రియలలో మంచి పుస్తకం వ్రాసినవారిని పిలిచి సన్మానిస్తారు. ఒకటి భాగీరథి గారి పేరిట, ఒకటి రామయ్య గారి పేరిట, ఒకటి విశ్రాంతమ్మ గారి పేరిట. ఆంధ్ర తెలంగాణ రాష్ట్రాల్లో ఏ కులంవారైనా, ఏ మతంవారైనా, మంచి పుస్తకం వ్రాస్తే ఆ శాలువా, ఆ జ్ఞాపిక అందుకుంటారు. దాని మీద వేజెండ్ల పల్లెలోని ఆ తల్లి పేరు చెక్కి ఉంటుంది.